నలుగురు హీరోలు ఒకే బుర్రగా మారే కామిక్ పేజీ గీయాలంటే

జాక్ కర్బీ 1976లో మొదలుపెట్టిన ఎటర్నల్స్ కామిక్స్‌లో ఆ పేరున్న అమరులంతా కలిసి యూని-మైండ్ అనే ఒకే మనసవుతారు. అలాంటిదాన్ని మన బెజవాడ ప్రకాశం బ్యారేజీ మీద గీయాలంటే నలుగురు చాలు. ఐదోవాడు చేరితే ఎవరి పోలిక ఎక్కడుందో చదివేవాళ్లకి అందదు.

ఏ4 కాగితం మీద ఆరు గళ్లు కొట్టండి. మొదటి మూడింట్లో నలుగురూ విడివిడిగా, తలా ఒక రంగు బెలూన్‌తో (అంటే మాటలు రాసే బుడగతో). నాలుగో గడిలో బెలూన్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి. చివరి రెండూ కలిపేసి పెద్ద గడి చేయండి: కలిసిన రూపం, తెల్ల బెలూన్, దానికి నాలుగు రంగుల తోకలు. బ్యారేజీకి గేట్లు 70; అన్నీ గీస్తూ కూర్చోకండి, పది కనిపిస్తే చాలు.

అసలు కిటుకు మాటలో ఉంది. కలిసిన రూపం విలన్‌తో 'మేము' అనాలి, ఎవరినైనా తమలోకి లాగేటప్పుడు 'మనం' అనాలి. "మేం నిన్ను వదలం" అన్న నోరే "రా, మనం వెళ్దాం" అంటే ఒళ్లు జలదరిస్తుంది. 'నేను' ఒక్కసారి జారినా కలయిక చెదిరిందనుకుంటారు. నిజంగా చెదరగొట్టే గడికే దాన్ని దాచుకోండి.

ఇంకోటి, ఒత్తులు కింది వరస గుడుల్లోకి దిగిపోతాయి. అక్షరం 4 మి.మీ. ఉంటే వరసల మధ్య మరో 4 వదలండి. ముందు మాటలు రాసి, ఆ తర్వాతే చుట్టూ బెలూన్ గీయండి.