తెలంగాణ సాయుధ పోరాటంలో నేలకొరిగిన దళ సభ్యుల సమాధుల జాడ తీయడం ఎలా

నల్లగొండ పల్లెల్లో కనిపించే ఎర్ర స్తూపం అమరుడి పేరు చెబుతుంది గాని, ఆయనను బొందపెట్టిన చోటు చెప్పదు. 1946 నుంచి 1951 దాకా సాగిన పోరాటంలో రజాకార్ల చేతిలోనో, 1948 సెప్టెంబరు తర్వాత భారత సైన్యం చేతిలోనో చనిపోయిన వారిలో ఎందరినో సొంత ఊరికి దూరంగా, వాగు ఒడ్డునో చేను గట్టునో హడావిడిగా పూడ్చిపెట్టారు. అందువల్ల వెతుకులాటను స్తూపం దగ్గర కాకుండా, శవాన్ని మోసిన వారి ఇంటి దగ్గర మొదలుపెట్టాలి.

ముందు పేరు తేల్చుకోవాలి. దళంలో పిలిచిన పేరు ఒకటి, ఊరివారు ఎరిగిన పేరు మరొకటి అయ్యే సందర్భాలున్నాయి కాబట్టి, రెండూ పక్కపక్కన రాసుకోకపోతే ఒకే మనిషిని ఇద్దరిగా లెక్కపెడతాం.

ఆ తర్వాత, చనిపోయిన ఊరిలోని బేగరి కుటుంబాన్ని కలవాలి. గుంత తవ్వే పని వారిదే గనుక, పటేలు, పట్వారీలు కాగితం మీద పెట్టని సంగతి ఆ ఇళ్లలో తాత నుంచి మనుమడికి అంది ఉంటుంది. ఒక ఊళ్లో నన్ను అలా వెంటబెట్టుకుపోయిన పెద్దమనిషి చెరువు అలుగు కింద ఆగి, మూడు రాళ్లను చేతికర్రతో ఒక్కొక్కటిగా తాకి చూపించాడు. తలవైపు రాయి మీద అక్షరం లేదు, పెత్రమాసకు (పెద్దల అమావాస్యకు) పూసిన పసుపు మాత్రం ఉంది. ఆ పసుపు ఎవరు పూస్తారని అడిగితేనే, పక్క ఊళ్లో ఉన్న చనిపోయినాయన చెల్లెలి పిల్లలు దొరికారు.

నిజాం కాలపు కాగితాలు చాలావరకు ఉర్దూలో, ఫసలీ లెక్కలో ఉంటాయి. ఫసలీ అంటే ఆనాటి రెవెన్యూ సంవత్సరం; దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1356 ఫసలీ అంటే 1946–47. ఊరి పేరును ఆనాటి తాలూకాతో కలిపి వెతకాలి, ఎందుకంటే 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లాలోది, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. చోటు తెలిశాక 1954–55 ఖాస్రా పహాణీ (భూమి రికార్డు) నకలు తీసుకుంటే, ఆ సర్వే నంబరు అప్పట్లో బొందలగడ్డా, సర్కారీ భూమా, ఎవరి పట్టానా అన్నది తేలుతుంది. నాగార్జునసాగర్‌లో మునిగిన ఊళ్లకైతే నిర్వాసితులు చెప్పే గుర్తులే ఆధారం.

ఎక్కడా తవ్వకూడదు. పట్టాదారు ఒప్పుకున్నాక, కుటుంబం ఎదుటే ఫొటో తీసి, ఫోనులో లొకేషన్ పెట్టుకుని, దగ్గరి చెట్టు నుంచి ఎన్ని అడుగులో కొలిచి, చెప్పినవారు కళ్లారా చూశారా, విన్నారా అన్నది కూడా రాసి, ఒక నకలు ఆ కుటుంబం చేతికి ఇవ్వాలి.