సముద్రం అడుగున ఇసుక లెక్క – మూడో పాఠం: ఏటి ఒడ్డున జల్లెడ

రెండో పాఠం చదివినవాళ్ళలో ఎక్కువమంది అడిగింది ఒకటే ప్రశ్న. తిరుపతిలో ఉన్నవాళ్ళకి సముద్రపు ఇసుక తవ్వకంతో ఏం పని అని. పని ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట, వాకాడు వైపు తీరం మన జిల్లాలోకి వచ్చింది. మన స్వర్ణముఖి కూడా చంద్రగిరి కొండల వైపు నుంచి వచ్చి, శ్రీకాళహస్తి దాటి, చివరికి ఆ తీరంలోనే కలుస్తుంది. ఇంకో సంగతి, 2024 నవంబరులో కేంద్ర గనుల శాఖ మొట్టమొదటిసారి సముద్రగర్భ ఖనిజ బ్లాకులను వేలానికి పెట్టింది. వాటిలో మూడు కేరళ తీరంలో ఉన్నాయి, మూడూ కట్టడాలకి వాడే ఇసుకవే. అక్కడి మత్స్యకారులు వద్దంటూ రోడ్డెక్కారు. రేపు ఇలాంటిది ఏ తీరంలో వచ్చినా, ‘ఏం కాదు’ అనేవాళ్ళూ ‘అంతా పోతుంది’ అనేవాళ్ళూ బోలెడుమంది ఉంటారు. కొలిచి చెప్పగలిగేవాళ్ళే ఉండరు. ఈ పాఠాలు ఆ కొలత కోసం.

మొదటి పాఠంలో డ్రెడ్జర్ ఎలా పనిచేస్తుందో చూశాం. ఓడ మెల్లగా నడుస్తూ, కిందికి వదిలిన గొట్టంతో అడుగునున్న ఇసుకనూ గులకరాళ్ళనూ నీళ్ళతో సహా పీల్చుకుంటుంది. ఒక్కో నడకకి రెండు మూడు మీటర్ల వెడల్పున, అర మీటరు లోపు లోతున చాలు పడుతుంది. రెండో పాఠంలో ఇంగ్లండ్‌లోని హాల్‌సాండ్స్ గురించి చదివారు. 1897లో ప్లిమత్ నౌకాకేంద్రం విస్తరణ కోసం ఆ పల్లె ముందరి గులకరాళ్ళు తవ్వడం మొదలుపెట్టారు. 1902లో ఆపించారు. 1917 జనవరి తుఫానులో ఊరు కొట్టుకుపోయింది. అది ఒడ్డుకి ఆనుకుని తవ్వినప్పటి మాట. ఇప్పుడు తవ్వకాలు ఒడ్డుకి దూరంగా, అలల దెబ్బ తీరానికి తగలదని లెక్క కట్టాకే జరుగుతాయి. మరి అంత దూరాన, కంటికి కనపడని చోట, ఏం కొలవాలి?

చాలామంది చప్పున చెప్పే జవాబు, ‘జీవాలు చచ్చాయా లేదా చూడాలి’ అని. చచ్చాయనే అనుకోండి. గొట్టం పీల్చినచోట పురుగూ నత్తా మిగలవు. దానికి పరీక్ష అక్కర్లేదు. అడగాల్సిన ప్రశ్న వేరే. తవ్వకం ఆగాక అవే జీవాలు మళ్ళీ అక్కడ కాపురం పెట్టగలవా? రాయిని కరుచుకుని బతికే జీవికి రాయి కావాలి. ఇసుకలో దూరి బతికేదానికి ఇసుక కావాలి. అడుగున మిగిలిన మట్టి (రాళ్ళూ, ఇసుకా, బురదా అన్నీ కలిపి) మునుపటి రకమే అయితే, పక్కనుంచి పిల్ల జీవాలు కొట్టుకొచ్చి, కొన్నేళ్ళకి నిలదొక్కుకుంటాయి. గులకరాళ్ళ నేల కాస్తా ఇసుక మేట అయిపోతే మాత్రం, ఎన్నేళ్ళు ఆగినా పాత జీవాలు రావు, వేరేవి వస్తాయి. అందుకే ఇంగ్లండ్‌లో ఇప్పుడు నడుస్తున్న ప్రాంతీయ పర్యవేక్షణలో అసలు చూసేది మట్టి రకం. రేణువుల పరిమాణం జీవాలకి సరిపడే హద్దుల్లోనే ఉందా అన్నదే పరీక్ష.

ఇక్కడ మన ఏటికీ ఆ సముద్రానికీ ఒక పెద్ద తేడా ఉంది. 2021 నవంబరులో స్వర్ణముఖికి ఎంత నీళ్ళొచ్చాయో తిరుపతి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అలాంటి వరద వస్తే ఏట్లోకి కొత్త ఇసుక చేరుతుంది. అందుకే మన దేశంలో ఇసుక తవ్వకాల మార్గదర్శకాలు వర్షాలకి ముందూ తర్వాతా కొలిచి, ఎంత ఇసుక తిరిగి చేరిందో చూడమంటాయి. ఇంగ్లండ్ చుట్టూ సముద్రం అడుగున ఉన్న గులకరాళ్ళు అలా చేరేవి కావు. మంచుయుగంలో సముద్రమట్టం నూరు మీటర్లకి పైగా కిందికి దిగినప్పుడు, ఆ నేల మీద పారిన నదులు పోసి వెళ్ళినవి అవి. నదులు ఎప్పుడో మునిగిపోయాయి. తీసింది తీసినట్టే, కొత్తది రాదు. కాబట్టి అక్కడ ‘ఎంత తిరిగి వచ్చింది’ అన్న ప్రశ్నకి అర్థం లేదు. ‘మిగిలింది ఏ రకం’ అన్నదే ప్రశ్న. అడుగున అదే రకం మట్టి పొర కొంత మందాన వదిలిపెట్టాలని లైసెన్సుల్లో షరతు పెట్టేది అందుకే.

ఇక ‘ప్రాంతీయ’ అన్న మాట. ఒకప్పుడు ఒక్కో లైసెన్సుదారు తన తవ్వకం చుట్టూ తానే సర్వే చేయించేవాడు. జీవాలను ఏరడానికి ఒకరు 1 మి.మీ. జల్లెడ వాడితే, పక్క కంపెనీ అర మి.మీ. వాడేది. ఒకరు వేసవిలో వెళితే ఇంకొకరు చలికాలంలో. ఒకడు పడితోనూ ఇంకొకడు సేరుతోనూ కొలిచి గింజలు తగ్గాయని పోట్లాడుకున్నట్టు ఉండేది వ్యవహారం. పైగా ఒకే సముద్రభాగంలో పది తవ్వకాలుంటే, పదింటి ప్రభావం కలిపి ఎంతో ఎవరికీ తెలిసేది కాదు. దీనికి విరుగుడుగా హంబర్, థేమ్స్ ముఖద్వారం, దక్షిణ తీరం, ఇంగ్లిష్ చానెల్ తూర్పుభాగం లాంటి ప్రాంతాలను ఒక్కో యూనిట్‌గా తీసుకుని, అందరికీ ఒకే పద్ధతి పెట్టారు. పాత సర్వేలూ కొత్త సర్వేలూ కలిపి 33 వేలకు పైగా నమూనాలతో సెఫాస్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ 2017లో బేస్‌లైన్, అంటే తర్వాత వచ్చే మార్పులను పోల్చి చూసుకునే మొదటి లెక్క, ప్రచురించింది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో గొప్ప పని అదే. ఖరీదైన ఓడలూ సోనార్లూ ఎవరైనా కొనొచ్చు. పోటీ కంపెనీలన్నిటిచేతా ఒకే జల్లెడ పట్టించడం మాటలు కాదు.

నమూనా తీసే పరికరం గురించి కాస్త వివరంగా చెప్పాలి. చాలా తప్పులు అక్కడే మొదలవుతాయి. మెత్తటి బురద నేలలో రెండు దవడలున్న గ్రాబ్ బాగానే పనిచేస్తుంది. అడుగుకి తగలగానే దవడలు మూసుకుని గుప్పెడు మట్టి పట్టుకొస్తాయి. గులకరాళ్ళ నేలలో దాన్ని వేస్తే, కోడిగుడ్డంత రాయి ఒకటి రెండు దవడల మధ్య ఇరుక్కుంటుంది. ఆ సందులోంచి, పైకి లాగుతున్నంతసేపూ సన్న ఇసుక నీళ్ళతో కడుక్కుపోతుంది. డెక్ మీదికి వచ్చేసరికి రాళ్ళు మాత్రమే మిగులుతాయి. మీరేమో ‘ఇక్కడ ఇసుకే లేదు’ అని రాసుకుంటారు! అందుకని అక్కడ హామన్ గ్రాబ్ వాడతారు. ఒక చట్రానికి వేలాడే తొట్టి ఒక పక్క నుంచి ఊగుతూ వచ్చి, మట్టిని తోడుకుని, ఎదురుగా ఉన్న పలకకి ఆనుకుని మూసుకుంటుంది. నోరు పైవైపు పలకకి అతుక్కుని ఉంటుంది కాబట్టి కారిపోయేది తక్కువ. ఒకసారికి అది తోడే విస్తీర్ణం 0.1 చదరపు మీటరు. అందులోంచి కొంత మట్టి రేణువుల పరీక్షకి తీసి, మిగతాది 1 మి.మీ. జల్లెడ మీద కడిగి జీవాలను ఏరతారు.

ఇప్పుడు చేతితో చేసే పని. సముద్రం నమూనా మనకి దొరకదు, స్వర్ణముఖి ఇసుకతో నేర్చుకుందాం. శ్రీకాళహస్తి దగ్గరైనా, గుడిమల్లం వైపైనా ఏరు ఎండి ఉన్నప్పుడు వెళ్ళండి. లారీలు తిరిగే రీచ్ జోలికి పోవద్దు. టిప్పర్ల మధ్య గిన్నె పట్టుకుని నిలబడితే మీరెవరో చెప్పుకోవడానికే పొద్దు పోతుంది. ఇంటి అవసరానికి ట్రాక్టర్ వాళ్ళు ఎప్పుడో తోడి వదిలేసిన గుంట ఒకటి చూసుకోండి. గుంటలో మూడు చోట్ల, దిగువన మూడు చోట్ల, ఎగువన ఎవరూ ముట్టని చోట మూడు నమూనాలు. ఒక్కొక్కటి కిలో చాలు. పైపైన గాలికి ఎండిన పొర గీకి తీసేసి, అర అడుగు లోతు వరకు నిలువుగా తీయండి. పై నుంచి మాత్రమే గీకితే దొడ్డు ఇసుక ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే సన్నది ఎప్పుడో గాలికి పోయి ఉంటుంది. ప్రతి సంచి మీదా తేదీ, ఫోన్‌లో చూసిన అక్షాంశ రేఖాంశాలు రాయండి. కాగితం చీటీ లోపల వేస్తే తడికి నానిపోతుంది, మార్కర్‌తో సంచి మీదే రాయడం మేలు.

జల్లెడలకి మీ ఊళ్ళో ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా అడగొచ్చు. అయితే కాంక్రీట్ ల్యాబ్‌కి కాదు, సాయిల్ ల్యాబ్‌కి వెళ్ళండి. కాంక్రీట్ వాళ్ళ సెట్‌లో 4.75, 2.36, 1.18 మి.మీ. ఇలా ఉంటాయి. మనకి కావలసిన 2 మి.మీ. జల్లెడ మట్టి పరీక్షలు చేసేవాళ్ళ దగ్గర ఉంటుంది. సముద్ర శాస్త్రంలో 2 మి.మీ. పైన ఉన్నది గులక, 2 మి.మీ. నుంచి 63 మైక్రాన్ల (వెయ్యి మైక్రాన్లు ఒక మి.మీ.) దాకా ఇసుక, అంతకన్నా సన్నది బురద. సాయిల్ ల్యాబ్‌లో అడుగు జల్లెడ 63 కాదు, 75 మైక్రాన్లు. ప్రాక్టీసుకి అది చాలు. కానీ మీ పట్టికలో ‘75’ అని స్పష్టంగా రాయండి. రేపు ఎవరైనా 63తో చేసినవాళ్ళతో పోల్చాలనుకుంటే అక్కడే పేచీ వస్తుంది.

నమూనాని ముందే ఎండబెట్టి జల్లించకూడదు. బంకమన్ను ఎండితే రేణువులకి అతుక్కుని గడ్డ కడుతుంది, బురద కూడా ఇసుక లెక్కలోకి పోతుంది. ముందు నీళ్ళలో నానేసి, చేత్తో మెల్లగా కలిపి, 75 మైక్రాన్ల జల్లెడ మీద కుళాయి ధార పెట్టి కడగండి. కింద కారే నీళ్ళు ఒక బకెట్‌లో పట్టాలి, పారబోస్తే బురద బరువు పోయినట్టే. కింది నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, పైన మిగిలిందాన్ని 105 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచాలి. బకెట్‌లో పేరుకున్నది వేరే పళ్ళెంలో ఆరబెట్టాలి. సముద్రం నమూనా అయితే ఉప్పు కూడా కడిగి పోగొట్టాలి, లేకపోతే అది బరువులో కలుస్తుంది. ఆరాక 2 మి.మీ. జల్లెడ పైన, 75 మైక్రాన్లది కింద, అన్నిటికన్నా కింద పళ్ళెం పెట్టి షేకర్ మీద పది నిమిషాలు ఆడించండి. ఆ పళ్ళెంలో పడిన కొసరు కూడా బురద లెక్కే. షేకర్ లేకపోతే ఇద్దరు వంతులేసుకుని చేత్తో ఊపుకోవచ్చు, కాకపోతే భుజాలు నొప్పి పెడతాయి.

లెక్క సులువు. వివరించడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. తవ్వకానికి ముందు ఒక సముద్ర స్టేషన్‌లో, అంటే నమూనా తీసే ఒక చోట, మొత్తం 800 గ్రాములు. 2 మి.మీ. మీద నిలిచింది 296, ఇసుక 480, బురద 24. అంటే గులక 37 శాతం, ఇసుక 60, బురద 3. అయిదేళ్ళ తర్వాత అదే చోట 760 గ్రాముల నమూనా, గులక 152, ఇసుక 570, బురద 38. గులక 20 శాతానికి పడింది, ఇసుక 75కి పెరిగింది, బురద 5. ఎందుకిలా అవుతుంది? కొనేవాడికి గులకే కావాలంటే, ఓడ మీదే జల్లెడ పట్టి అదనపు ఇసుకను తిరిగి సముద్రంలో వదిలేస్తారు. రాయి ఓడతో పోతుంది, ఇసుక అడుగుకి చేరుతుంది.

ఇంత చూసి ‘నష్టం జరిగింది’ అని రాసేయకండి. పక్కన ముట్టని స్టేషన్‌లోనూ 37 కాస్తా 22కి పడి ఉంటే? అప్పుడు అది తుఫాను పనో, ఆ ప్రాంతం స్వభావమో అయ్యుండొచ్చు. ముట్టని చోట 35 నుంచి 33కి మాత్రమే తగ్గితే అనుమానం తవ్వకం మీదికి పోతుంది. అప్పుడు కూడా ఇంకో మెట్టు ఉంది. ఇదే జీవాల గుంపు ఆ ప్రాంతమంతటా ఎంత గులక ఉన్నచోట బతుకుతోంది? బేస్‌లైన్ నమూనాల్లో అది 25 నుంచి 60 శాతం మధ్య అనుకుంటే, 20 హద్దు దాటింది. అదే 28 దగ్గర ఆగి ఉంటే మార్పు వచ్చినట్టే, కానీ జీవాలు భరించగలిగిన మార్పు. తవ్వకం ఆపాలా, ఓడ మీద జల్లెడ పట్టడం మాత్రం మానేయమనాలా అన్న నిర్ణయం ఈ తేడా మీద నడుస్తుంది. పది వేర్వేరు లైసెన్సుల నమూనాలు ఒకే కొలతలో లేకపోతే ఆ 25, ఆ 60 ఎక్కడినుంచి వస్తాయి?

స్టేషన్లు ఎక్కడ పెట్టాలన్నది ఏటికీ సముద్రానికీ ఒకటి కాదు. ఏట్లో నీళ్ళు ఒకే వైపు పోతాయి, దిగువన చూస్తే సరిపోతుంది. సముద్రంలో ఆటుకీ పోటుకీ నీరు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, ఓడ వదిలిన సన్నమట్టి రెండు వైపులా సాగి, పొడుగాటి మచ్చలా పడుతుంది. తవ్విన చోటు లోపల కొన్ని స్టేషన్లు, ఆ మచ్చ పడే మేరలో కొన్ని, అది చేరని దూరంలో అదే లోతూ అదే మట్టీ ఉన్న చోట కొన్ని ఉండాలి. ఓడ నిజంగా ఎక్కడ తవ్విందో ఎవరి మాటా నమ్మక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 1993 నుంచి ప్రతి డ్రెడ్జర్ మీదా ఒక పెట్టె ఉంటుంది, తవ్వుతున్నంతసేపూ 30 సెకన్లకోసారి స్థానం నమోదు చేస్తుంది. ఆ మ్యాపు ముందు పెట్టుకునే స్టేషన్లు నిర్ణయిస్తారు.

వచ్చే పాఠానికి మీ తొమ్మిది నమూనాల పట్టిక సిద్ధం చేసుకోండి. ఒక్కో వరుసలో సంచి పేరు, కడగకముందు బరువు, మూడు భాగాల బరువులు, శాతాలు ఉండాలి. కడిగి ఆరాక మూడు భాగాలూ కూడితే వచ్చేదే మొత్తం, శాతాలు దాని మీదే వేయాలి. షేకర్‌లో వేసేముందు ఉన్న బరువుకీ జల్లించాక వచ్చిన బరువుకీ ఒకటి రెండు శాతం మించి తేడా ఉంటే ఆ నమూనా మళ్ళీ చేయండి, సర్దుబాటు చేయొద్దు. గులక, ఇసుక, బురద మూడింటినీ విడివిడిగా కాకుండా కలిపి చూసి, ఒక నమూనా గుంపు నుంచి ఎంత దూరం జరిగిందో ఒకే అంకెలో చెప్పే పద్ధతి నాలుగో పాఠంలో వస్తుంది. అది 1936లో కలకత్తాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఇచ్చిన దూరం లెక్క. ఇంగ్లిష్ చానెల్ అడుగు రాళ్ళను ఇవాళ దానితోనే కొలుస్తున్నారు. క్యాలిక్యులేటర్ సరిపోదు, ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ యాప్ ఒకటి పెట్టుకోండి.