వ్యాసం మొదలుపెట్టడం దగ్గరే ఆగిపోతున్నారా?

గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే పేపర్‌కు 150 మార్కులు. మూడు గంటల్లో మూడు వ్యాసాలు, అంటే ఒక్కోదానికి గంట. నల్గొండలో మా రూమ్‌లో ప్రతి ఆదివారం ఒకరి పేపర్లు ఒకరం దిద్దుకుంటాం. కనిపించే రోగాలు ఎప్పుడూ ఇవే.

సమస్య: పావుగంటైనా మొదటి వాక్యం పడదు. రాయడం, కొట్టేయడం.

కారణం: భాష రాక కాదు. ఏం చెప్పాలో తేలకుండానే ఉపోద్ఘాతానికి కూర్చుంటాం. పెళ్లికూతురు ఎవరో తెలియకముందే శుభలేఖలు అచ్చేయించినట్టు.

పరిష్కారం: టాపిక్‌ను ప్రశ్నగా మార్చండి. మొన్నటి టాపిక్ 'నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య'. మాలో ఒక తమ్ముడు "నీరు ప్రాణాధారం" అని మొదలుపెట్టి అక్కడే కూలబడ్డాడు. ఆ వాక్యం ఏ జిల్లాకైనా అతుకుతుంది మరి! "నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు కదా, మరి మర్రిగూడలో నడుములు ఎందుకు వంగాయి?" అని అడిగేసరికి పెన్ను కదిలింది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' (NEERI) రూపొందించిన నల్గొండ టెక్నిక్‌లో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించుతారు. నీళ్లను బట్టి మోతాదు చూసుకోవాలి, అడుగున చేరిన మడ్డిని ఊరికి దూరంగా పారబోయాలి. పల్లెలో ఆ పని రోజూ ఎవరు చేస్తారు? వాడి వ్యాసం అక్కడ పుట్టింది.

సమస్య: తెలిసినదంతా కుమ్మరించడం. ఫ్లోరైడ్ అడిగితే 1955లో నాగార్జునసాగర్ శంకుస్థాపన, పాలమూరు వలసలు కూడా వచ్చి కూర్చుంటాయి.

కారణం: కష్టపడి చదివింది వృథా అవుతుందన్న బాధ. నాకూ ఉంది ఆ జబ్బు.

పరిష్కారం: ప్రతి పాయింట్ పక్కన "అయితే ఏంటి?" అని రాసుకోండి. 1955 దగ్గర జవాబు రాలేదు, కొట్టేశాం. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ఉన్న లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి మిగిలింది, ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలు దెబ్బతినే సంగతి దాంతోనే మొదలవుతుంది. 2015 నాటి చౌటుప్పల్ మిషన్ భగీరథ పైలాన్ కూడా మిగిలింది. బోరు నీళ్లను బాగుచేయడం మాని నది నీళ్లు తేవాలన్న మలుపు అది.

సమస్య: ప్లాన్ ఘనంగా ఉంటుంది, వ్యాసం సగంలోనే గంట కొడుతుంది.

పరిష్కారం: ప్లాన్‌కు పది నిమిషాలు, ఐదు పాయింట్లు. ఆరోది గుర్తొస్తే ఒకటి తీసేయండి.

ఇంట్లో రాసేటప్పుడు పైన ఆరు లైన్లు వదిలి, ఉపోద్ఘాతం చివర్లో నింపితే హాయిగా ఉంటుంది. పరీక్ష హాల్లో అలా ఖాళీ వదలడానికి నాకైతే ధైర్యం చాలదు. ప్లాన్‌లోని ప్రశ్ననే మొదటి వాక్యంగా పెట్టేస్తాను.