మూడో వారానికి ఆగిపోయే టైమ్‌టేబుల్: లక్షణం, కారణం, పరిష్కారం

ఆదివారం పూట చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర నన్ను కలిసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువగా మొదలుపెట్టే మాట ఒకటే: "అన్నా, నాకు డిసిప్లిన్ లేదు." నేను ముందు నోట్‌బుక్ చూపించమంటాను. పేజీలు తిరగేస్తే చాలాసార్లు తెలిసేదేంటంటే, మనిషి బాగానే కష్టపడుతున్నాడు. టైమ్‌టేబుల్ వేసిన తీరులోనే తేడా ఉంది.

నేను 2016 నవంబర్‌లో జరిగిన తెలంగాణ గ్రూప్-2కి చదివినవాణ్ణి. ఆ రోజుల్లో నా టైమ్‌టేబుల్ ఎన్నిసార్లు ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో నాకు బాగా గుర్తు. ఆ తర్వాత ఎంతోమంది టైమ్‌టేబుళ్లు దగ్గర కూర్చుని సరిచేశాను. అవనిగడ్డలో డీఎస్సీకి చదువుతున్నా, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట గ్రూప్స్‌కి చదువుతున్నా తప్పులు పెద్దగా మారవు. సిలబస్, పుస్తకాలు, ఒక నోట్‌బుక్, ఏదో ఒక టైమ్‌టేబుల్ మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయనుకుని రాస్తున్నాను.

ముందు ఇది చూడండి

లక్షణం ఏదైనా మొదట చూడాల్సింది ఒకటుంది. దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు, నాకు బాధ అక్కడే. టైమ్‌టేబుల్‌లో రోజుకు ఎన్ని గంటలు రాసుకున్నారు అంటే వెంటనే చెప్తారు. గడిచిన మూడు రోజుల్లో నిజంగా ఎన్ని గంటలు చదివారు అంటే మాత్రం "ఎనిమిదో తొమ్మిదో ఉంటుందన్నా" అంటారు. ఆ "ఎనిమిదో తొమ్మిదో" మీద కట్టిన టైమ్‌టేబుల్ నిలబడదు.

అందుకే ఇంకేమీ మార్చకుండా మూడు రోజులు లెక్క రాయండి. పుస్తకం ముందు కూర్చున్న టైము, లేచిన టైము. మధ్యలో ఫోన్ చూసింది, టీకి వెళ్లింది, పక్కవాళ్లతో కటాఫ్ గురించి మాట్లాడింది తీసేయండి. ఒక తమ్ముడు రోజుకు 12 గంటలని రాసుకున్నాడు. రీడింగ్ హాల్లో 12 గంటలు ఉంటున్న మాట నిజమే. లెక్క రాస్తే చదువు 6 గంటల 20 నిమిషాలు తేలింది. అది చిన్న అంకె అనుకోకండి, రోజూ ఆరు గంటలు శ్రద్ధగా చదివేవాళ్లు తక్కువే. కానీ 12 గంటల టైమ్‌టేబుల్ పక్కన పెడితే ఆ ఆరు గంటలు కూడా ఓటమిలాగే కనిపిస్తాయి, రోజూ రాత్రి అతను ఓడిపోయాననుకునే పడుకుంటున్నాడు.

ఈ అంచనా తప్పు మీ ఒక్కరిదే కాదు. రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన పరిశోధనలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజులకు పైనే.

మూడు రోజుల లెక్క చేతిలో లేకపోతే కింద చెప్పేవేవీ పనిచేయవు. అది రాసుకున్నాకే మిగతాది చదవండి.

లక్షణం: కూర్చుంటున్నా, చదువు మొదలవట్లేదు

నోట్‌బుక్‌లో "పాలిటీ" అని రాసి ఉంటుంది. పాలిటీ అన్నది సబ్జెక్టు పేరు, దాన్ని ఒక పూటలో చేయడం ఎవరి తరమూ కాదు. కూర్చున్న తర్వాత ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ పుస్తకం తీయాలో ఆలోచిస్తారు, ఆ ఆలోచనలోనే అరగంట పోతుంది. చేయి ఫోన్ మీదకు వెళ్లేది ఆ అరగంటలోనే.

"ప్రాథమిక హక్కులు, ఆర్టికల్ 12 నుంచి 35, ఒకసారి చదివి 40 బిట్స్ చేయాలి" అని రాయండి. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, అయిందో లేదో ఎలా తెలుస్తుంది, మూడూ ఆ ఒక్క లైన్లో ఉండాలి. రేపటి పని ఇవాళ రాత్రే రాసి, ఆ పుస్తకాన్ని ఆ పేజీ దగ్గర తెరిచి బల్ల మీద పెట్టి పడుకోండి. ఈ సమస్యకు ఇంతకన్నా చేయాల్సింది లేదు.

లక్షణం: మొదటి వారం బాగానే నడిచింది, మూడో వారానికి నోట్‌బుక్ తెరవబుద్ధి కావట్లేదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఎదుటివాళ్లలో కూడా దీన్ని కనిపెట్టడానికి నాకు చాలాకాలం పట్టింది, ఎందుకంటే బయటికి ఇది శ్రద్ధలాగే ఉంటుంది.

కారణం, నిన్న మిగిలిన పనిని ఇవాళ్టి పేజీలోకి ఎక్కించడం.

ఒక వారం లెక్క చూడండి. రోజుకు 6 పనులు రాసుకున్నారు, సోమవారం 5 అయ్యాయి. మిగిలిన ఒక్కటీ మంగళవారానికి వెళ్లింది, కాబట్టి మంగళవారం 7. మళ్లీ 5 చేశారు, బుధవారానికి 8. ఇలా శనివారం వచ్చేసరికి పేజీలో 11 పనులు. మీరు చేయగలిగేది అప్పుడూ 5. శనివారం రాత్రికి ఒక పూర్తి రోజు పని బాకీ మిగిలింది. మరి ఆ వారంలో మీరు చేసిందెంత? 36 పనుల్లో 30. అది చాలా మంచి వారం. కానీ పేజీలో కనిపించేది ఆ 30 కాదు, మిగిలిపోయిన 6. రెండో వారం దాని మీద ఇంకో ఆరు చేరతాయి. మూడో వారానికి పొద్దున నోట్‌బుక్ తెరవడమంటే అప్పులవాడి ముఖం చూడటం లాంటిది. తెరవరు. తెరవని రోజు ఏం చదవాలో తెలియదు కాబట్టి ఏదో ఒకటి చదువుతారు, లేదా అసలు చదవరు.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, బాకీని రేపటికి రాసుకోవడం నిజాయితీగా అనిపిస్తుంది. "ఎగ్గొట్టట్లేదు కదా, రేపు చేస్తాను" అని మనసుకు సర్దిచెప్పుకుంటాం. వదిలేయడం తప్పనీ, మోయడం మంచిదనీ చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం. దీనికి ఇంకోటి తోడవుతుంది. బాకీ భరించలేనంత అయినప్పుడు కొత్త టైమ్‌టేబుల్ వేస్తాం. సోమవారం నుంచి, ఒకటో తారీఖు నుంచి, ఉగాది నుంచి. స్కెచ్ పెన్నులతో గళ్లు గీసి కొత్తది వేసిన ఆ సాయంత్రం ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. పాత బాకీ కనిపించకుండా పోయినందుకు వచ్చే హాయి అది. కానీ కొత్తదాంట్లోనూ రోజుకు 6 పనులే ఉంటాయి, మీరు చేయగలిగేది 5గానే ఉంటుంది. మూడు వారాల తర్వాత మళ్లీ అక్కడికే వస్తారు.

2016 వేసవిలో అశోక్‌నగర్ గదిలో నా నోట్‌బుక్‌లో "భూసంస్కరణలు" అన్న ఒక్క టాపిక్ 17 రోజుల పేజీల్లో ఉంది. ఒక్కసారీ చదవలేదు. మా రూమ్‌మేట్ ఒకరోజు ఆ పేజీ చూసి, "ఇందులో ఇవాళ్టి పని ఏది?" అని అడిగాడు. నేను చెప్పలేకపోయాను. పేజీ నిండా పనులే, ఒక్కటీ ఆ రోజుది కాదు. అన్నీ నిన్నటివి, మొన్నటివి. అప్పటికి రెండు నెలల్లో మూడు టైమ్‌టేబుళ్లు మార్చి, మూడుసార్లూ నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ రెండు నెలలు నాకు తిరిగి రావు. అందుకే దీని గురించి ఇంతసేపు చెప్తున్నాను.

మీకూ ఇదే ఉందో లేదో చూడటం తేలిక. గత రెండు వారాల పేజీలు తీసి, మూడుసార్లు లేదా అంతకన్నా ఎక్కువ రాసిన పనుల కింద గీత గీయండి. ఒకటి రెండు ఉంటే ఫర్వాలేదు. నాలుగు దాటితే కారణం ఇదే, వేరే కారణం వెతకొద్దు.

సరిచేసే పద్ధతి చెప్తాను. ఈ రాత్రే చేయొచ్చు.

రోజు ముగిసేసరికి కాని పనిని కొట్టేయండి. రేపటి పేజీలో రాయొద్దు. నోట్‌బుక్ చివరి పేజీలో "బాకీ" అని పెట్టి అక్కడ ఒక లైన్ రాయండి. రేపటి పేజీ రేపటి పనితోనే మొదలవ్వాలి. ఈ ఒక్క మాట దగ్గర అందరూ నాతో వాదిస్తారు, అలా చేస్తే బద్ధకం అలవాటవుతుందంటారు. నేను చూసినంతలో అలా జరగలేదు. పొద్దున్నే భయం లేకుండా తెరవగలిగే పేజీ ఉంటే మనిషి కూర్చుంటాడు.

బాకీ తీర్చడానికి వారంలో రెండు పూటలు ఖాళీగా ఉంచండి. బుధవారం సాయంత్రం, ఆదివారం పొద్దున అనుకోండి. టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఆ రెండు పూటల్లో ఏమీ రాయకూడదు. చివరి పేజీలోంచి ఆ పూటకు సరిపడినన్నే తీసుకుని చేయండి. ఖాళీ పూటను చూసి ఇంకో సబ్జెక్టు ఇరికిద్దామని చేయి లాగుతుంది. ఇరికించారో, మళ్లీ మొదటికే.

మూడు వారాలు దాటినా బాకీ పేజీలోనే ఉన్న టాపిక్ గురించి ఆదివారం తేల్చేయండి. పరీక్షలో దాని బరువెంతో పాత ప్రశ్నపత్రాల్లో చూసి, అవసరమైతే వచ్చే వారం మొదటి పనిగా, పొద్దున పూట పెట్టండి. లేకపోతే కొట్టేయండి. నా భూసంస్కరణలు వదిలేసే టాపిక్ కాదు. పొద్దున పూటకు మార్చాక రెండు రోజుల్లో అయిపోయింది.

ఇక రోజుకు ఎన్ని పనులు రాయాలన్నది మీ మూడు రోజుల లెక్క చెప్తుంది. 5 అవుతుంటే 5 రాయండి, "కనీసం ఆశగా" 6 రాయొద్దు. ఊరెళ్లారు, జ్వరమొచ్చింది, ఇంట్లో పెళ్లి వచ్చింది, అలా ఒక రోజు పూర్తిగా పోయినా ఆ రోజు పనులన్నీ చివరి పేజీకే. అలవాటు ఎలా కుదురుకుంటుందో ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో 96 మంది మీద పరిశీలించింది. సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజులే, ఒకరికి 254 రోజులదాకా పట్టొచ్చని అంచనా. మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. కాబట్టి ఏ అలవాటుకైనా 21 రోజులు చాలని, అప్పటికీ కుదరకపోతే మీలో లోపముందని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

రెండు వారాల తర్వాత బాకీ పేజీ చూడండి. కొత్తగా చేరేవీ, కొట్టేసేవీ దాదాపు సమానంగా ఉంటే సరైంది. చేరేవే ఎక్కువైతే రోజుకు ఒక పని తగ్గించండి.

లక్షణం: గంటలు పెరిగాయి, గ్రాండ్ టెస్ట్‌లో మార్కులు కదలట్లేదు

చదివిందే చదువుతున్నారు. నాలుగోసారి చదువుతుంటే ప్రతి లైనూ తెలిసినట్టే ఉంటుంది, పుస్తకం మూశాక నోటికి రాదు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని రెండుసార్లు చదివారు, ఇంకొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే వాళ్లకు గుర్తున్నది 42 శాతం, రాసినవాళ్లకు 56 శాతం. మన పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా.

టాపిక్ అయ్యాక పుస్తకం మూసి ఒక తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయండి, రానిది మాత్రం తిరిగి చదవండి. నోట్‌బుక్‌లో "చదివాను" అని టిక్ పెట్టే బదులు ఎన్ని బిట్స్‌లో ఎన్ని వచ్చాయో రాయండి.

లక్షణం: పరీక్ష వాయిదా పడగానే అంతా ఆగిపోయింది

2022 చివర్లో నోటిఫికేషన్ వచ్చిన తెలంగాణ గ్రూప్-2 మొదట 2023 ఆగస్టు 29, 30 తేదీల్లో అన్నారు. నాలుగుసార్లు వాయిదా పడి 2024 డిసెంబర్ 15, 16న జరిగింది. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 మెయిన్స్ 2024 జులై 28న అనుకుంటే 2025 ఫిబ్రవరి 23న జరిగింది. టైమ్‌టేబుల్ మొత్తం పరీక్ష తేదీ నుంచి వెనక్కి లెక్కేసి వేసుకున్నవాళ్లకు ఆ తేదీ మారిన ప్రతిసారీ అంతా కూలింది. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు.

తేదీ మీద కాకుండా వారం మీద వేయండి. ఈ వారం ఏ టాపిక్‌లు, ఎన్ని బిట్స్, ఆదివారం ఏ టెస్ట్, అంతే. పరీక్ష ఖాయమై 60 రోజులు ఉందనగా అప్పుడు రివిజన్ ప్లాన్ వేరే వేసుకోండి. వాయిదా వార్త వచ్చిన రోజు సెలవు తీసుకోండి, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడండి. మర్నాడు అదే వారం పేజీ.

అరుదుగా కనిపించేవి

యాప్ మార్చితే, తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే, రీడింగ్ హాల్ మారితే బాగుపడిన కేసులు నేను చూసినవి చాలా తక్కువ. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి. మెటీరియల్ పాతబడి ఉంటే ఆ ఒక్క పుస్తకం మార్చుకోండి.

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకడమే భారంగా అనిపించినా అది టైమ్‌టేబుల్ సమస్య కాదు. నోట్‌బుక్ పక్కన పెట్టి ఇంట్లో వాళ్లకు చెప్పండి, డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రాణాలు తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందంటే రెండు వారాలు ఆగొద్దు, ఆ క్షణమే పక్కన ఉన్నవాళ్లను లేపి చెప్పండి.