ఓడ దిగి విమానం ఎక్కేలోపు విశాఖలో సామాను ఎక్కడ పెట్టాలి?

మా పిన్ని వాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటారు. ఆ ఊరికి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా ఇంట్లో అందరికీ పాత పేరే అలవాటు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి అండమాన్ వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మా బాబాయి కూడా అలా వెళ్ళినవారే. ఊరికి వచ్చేటప్పుడు వాళ్ళు ఓడలోనే వస్తారు. రెండున్నర రోజుల ప్రయాణం. మనుషులు నలుగురు, శాల్తీలు ఎనిమిది.

ఒకసారి ఉదయం ఓడ దిగి, రాత్రి హైదరాబాద్ విమానం ఎక్కాల్సి వచ్చింది. మధ్యలో పది గంటలు. ఆ ఎనిమిది శాల్తీలతో ఊరంతా తిరిగాం. రైల్వే స్టేషన్ క్లోక్ రూమ్‌కి వెళ్తే రైలు టికెట్టు అడిగారు. మా దగ్గర లేదు. చివరికి ఒక చిన్న లాడ్జిలో మెట్ల కింద పెట్టించి, రసీదు అడగకుండా వచ్చేశాం. సాయంత్రం వెళ్ళేసరికి కౌంటర్లో వేరే అబ్బాయి ఉన్నాడు. మా సామాను సంగతే అతనికి తెలియదు. అన్నీ దొరికాయి గానీ పిన్ని సంచి జిప్పు చిరిగిపోయి ఉంది. ఆమె ఏమీ అనలేదు, చీర కొంగుతో ఆ సంచి మూతి కట్టుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి వాళ్ళు వచ్చే ముందే అన్నీ చూసిపెట్టడం నా పని అయింది. అండమాన్ ఓడ దిగేవాళ్ళకైనా, సరదాకి క్రూయిజ్ వెళ్ళొచ్చేవాళ్ళకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు గంటలు లెక్కపెట్టండి

ఓడ రేవులోకి రావడం వేరు, మీరు నేల మీద కాలు పెట్టడం వేరు. ఓడని రేవులోకి నడిపించే పైలట్ ఎక్కాలి, ఓడ ఆగే చోటు (బెర్తు) ఖాళీ అవ్వాలి, తాళ్ళు కట్టాలి, నిచ్చెన వెయ్యాలి, తర్వాత వరుస. ఉదయం 7 గంటలకి ఓడ వస్తుందని రాసి ఉంటే, గేటు బయటికి వచ్చేసరికి 10 అవుతుందనుకుని లెక్క వేసుకోండి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే ఆ లెక్క కూడా నిలవదు. అందుకే అండమాన్ ఓడ దిగేవాళ్ళని అదే రోజు విమానం పెట్టుకోవద్దనే అంటాను. ఓడ ఒక పూట ఆలస్యమైతే టికెట్టు డబ్బులు సముద్రంలో కలిసినట్టే. తప్పదంటే రాత్రి విమానం తీసుకోండి.

ఇంకో చివర విమానాశ్రయం లెక్క. దేశీయ విమానాలకి చాలా సంస్థలు బయల్దేరే సమయానికి 60 నిమిషాల ముందే కౌంటర్ మూసేస్తాయి. పోనీ ఉదయమే వెళ్ళి సామాను ఇచ్చేసి ఊళ్ళో తిరుగుదామంటే అదీ కుదరదు. మామూలుగా రెండు మూడు గంటల ముందు గానీ బ్యాగులు తీసుకోరు. కాబట్టి రాత్రి 9 గంటల విమానానికి సామాను 6 గంటల దాకా మీ పూచీయే.

టికెట్టు మీద విమానాశ్రయం పేరు కూడా చూడండి. నగరంలోని విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగా ఆవరణలో, ఎన్ఏడీ కొత్తరోడ్డు దాటాక ఉంది. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కట్టిన కొత్త విమానాశ్రయం విజయనగరం జిల్లాలో, ఊరికి నలభై కిలోమీటర్ల పైమాటే. రెండూ రెండు దిక్కులు. సామాను ఎక్కడ పెట్టాలన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. డేగా అయితే స్టేషన్, దొండపర్తి, కంచరపాలెం, ఎన్ఏడీ వైపు పెట్టండి. భోగాపురం అయితే మద్దిలపాలెం, మధురవాడ వైపు పెట్టండి. పోయే దారిలో ఉన్న చోట సామాను పెడితే సాయంత్రం ట్రాఫిక్‌లో వెనక్కి రావాల్సిన బాధ ఉండదు.

ఓడలో ఉండగానే సామాను మూడు భాగాలు చెయ్యండి

ఇది దిగే ముందురోజు రాత్రి చెయ్యాల్సిన పని.

మొదటిది విమానం పొట్టలోకి వెళ్ళేది. దేశీయ ఎకానమీ టికెట్టుకి సాధారణంగా మనిషికి 15 కిలోలు. ఓడలో బరువు ఎవరూ పట్టించుకోలేదని ఇక్కడా అలాగే అనుకుంటే కిలోకి ఇంత అని కట్టాలి. పది నిమిషాలు వెచ్చించి ఊళ్ళో ఏ కాటా మీదైనా తూచుకోండి. మరీ ఎక్కువైతే ఆర్టీసీ కాంప్లెక్సులో కార్గో కౌంటర్ ఉంది, బరువు పెట్టెలు బస్సులో వేసి పంపేయొచ్చు.

రెండోది మీతో విమానంలోకి వచ్చే 7 కిలోల బ్యాగు. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు ఇందులోనే ఉండాలి, పెద్ద బ్యాగులో పెట్టనివ్వరు.

మూడోది రోజంతా భుజాన ఉండే చిన్న సంచి. ఆధార్, టికెట్లు, మందులు, బంగారం, ఫోను ఛార్జరు, ఒక జత బట్టలు ఇందులో పెట్టండి. కొన్ని క్రూయిజ్ నౌకల్లో పెద్ద బ్యాగులకి ట్యాగు కట్టి ముందురోజు రాత్రే గది బయట పెట్టమంటారు, అవి మళ్ళీ కింద టెర్మినల్లోనే దొరుకుతాయి. బీపీ మాత్రలు అందులో వేసేసి పొద్దున్నే వెతుక్కున్న పెద్దవాళ్ళని చూశాను.

శాల్తీల సంఖ్య తగ్గించడం కూడా ఇక్కడే జరగాలి. భద్రపరిచే చోట్ల చాలావరకు శాల్తీకి ఇంత అని తీసుకుంటారు. నాలుగు చేతి సంచులు ఒక పెద్ద జిప్పు బ్యాగులో పడితే ఒక్క శాల్తీ. ప్రతి బ్యాగుకీ తాళం ఉండాలి. తాళం లేనిదాన్ని రైల్వే క్లోక్ రూమ్ తీసుకోదు. తాడుతో కట్టిన అట్టపెట్టె, మూతి కుట్టిన గోనెసంచి అక్కడ చెల్లవు.

పోర్టు గేటు దగ్గర

పోర్టు ప్రాంతం సీఐఎస్ఎఫ్ కాపలాలో ఉంటుంది. మీరు ఫోన్లో పిలిచిన ఆటో ఓడ పక్కకి రాదు. క్రూయిజ్ వాళ్ళకి 2023లో ప్రారంభించిన అంతర్జాతీయ టెర్మినల్ ఉంది. అండమాన్ ఓడ వాళ్ళు మాత్రం ఏ గేటు గుండా బయటికి పంపుతారో ఓడలోనే అడిగి తెలుసుకోవాలి. తీసుకెళ్ళడానికి వచ్చే బంధువులకి ఆ గేటు పేరే చెప్పండి. "పోర్టు దగ్గర ఉండు" అంటే మనిషి కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల మధ్య నిలబడి ఉంటాడు, మీరు ఇంకో పక్క ఉంటారు.

బయట ఆటోవాళ్ళు చుట్టుముడతారు. "ఎక్కడికెళ్ళాలి గురువుగారూ?" అనగానే జవాబు చెప్పకండి. ముందు సామాను ఒకచోట పేర్చి లెక్క చూసుకుని, అప్పుడు బేరం ఆడండి. ఎన్ని శాల్తీలో, ఎంతమందో ముందే చెప్పి ఒప్పుకోండి. ఎక్కాక "సామానుకి వేరే" అనే మాట రాదు.

సామాను ఎక్కడ పెట్టాలి

రైల్వే స్టేషన్ క్లోక్ రూమ్ అందరికీ ముందు గుర్తొస్తుంది. అది రైలు ప్రయాణికుల కోసం పెట్టినది. టికెట్టు, గుర్తింపు కార్డు చూపించాలి. ఓడ నుంచి విమానానికి వెళ్ళేవాళ్ళ చేతిలో రైలు టికెట్టు ఉండదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. మీ బృందంలో ఒకరు రైల్లో వెళ్తుంటే వాళ్ళ సామానుకి మాత్రం అదే మంచి చోటు. ధర బోర్డు మీద ఉంటుంది, లెక్క 24 గంటల చొప్పున. తినే వస్తువులు పెట్టకండి, ఎలకలు చేరతాయి. పాడైపోయేవి వాళ్ళూ తీసుకోరు. ఎండు చేపల సంచి అయితే అసలు పట్టుకెళ్ళొద్దు.

ఆర్టీసీ కాంప్లెక్స్, అంటే ద్వారకా బస్‌స్టేషన్, రెండో దారి. అక్కడ సామాను భద్రపరిచే గది ఉంది. బీచ్, జగదాంబ వైపు తిరగాలనుకునేవాళ్ళకి దగ్గర. పెట్టే ముందు రెండే ప్రశ్నలు అడగండి. బస్సు టికెట్టు లేకపోయినా తీసుకుంటారా? రాత్రి ఎన్నింటి దాకా మనిషి ఉంటాడు?

కుటుంబంతో వచ్చేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది మూడో దారి: సగం రోజుకి ఒక గది తీసుకోండి. ఖర్చు ఎక్కువే. కానీ రెండున్నర రోజులు ఓడలో ఊగి వచ్చిన మనిషికి నేల మీద నిలబడ్డా ఇంకా ఊగుతున్నట్టే ఉంటుంది. స్నానం, ఒక గంట నిద్ర, తాళం వేసిన తలుపు వెనక సామాను, ఈ మూడూ ఒక్క డబ్బుతో వస్తాయి. మా పిన్నికి మోకాళ్ళ నొప్పులు మొదలైన దగ్గర్నుంచి మేం వేరే ఆలోచన చెయ్యడం లేదు. ఫోన్ చేసేటప్పుడు చెక్-అవుట్ మధ్యాహ్నం 12 గంటలకా, 24 గంటల పద్ధతా అని అడగండి. ఉదయం 10 గంటలకి దిగేవాళ్ళు 12 గంటల పద్ధతి ఉన్న చోటికి వెళ్తే రెండు రోజుల అద్దె అడిగే ప్రమాదం ఉంది. పెద్దవాళ్ళందరి ఆధార్ కార్డులూ అడుగుతారు. ఒక్కరే వస్తే, స్టేషన్ ఒకటో నంబరు ప్లాట్‌ఫామ్ మీద 2025లో క్యాప్సూల్ పడకల హోటల్ తెరిచారు, గంటల లెక్కన ఇస్తారు, దాన్నీ చూడొచ్చు. కానీ అందులో ఎనిమిది శాల్తీలకి చోటు ఉండదు.

రోజంతా కారు మాట్లాడుకుని సామాను డిక్కీలో ఉంచుకోవడం నాలుగో పద్ధతి. తెలిసిన డ్రైవరైతే మూడు నాలుగు గంటలకి బాగానే ఉంటుంది. తెలియని మనిషైతే బండి నంబరు, లైసెన్సు ఫోటో తీసుకోండి, వెనక సీట్లో ఏదీ కనబడేలా పెట్టకండి. డ్రైవరు భోజనానికి వెళ్ళే వేళకి మీరూ భోజనానికి కూర్చోండి.

అప్పగించేటప్పుడు

మా లాడ్జి అనుభవం నుంచి వచ్చిన పద్ధతి ఇది, ఒక్కటి కూడా వదలొద్దు. శాల్తీలన్నీ వరుసగా పెట్టి ఫోటో తియ్యండి. రసీదు మీద ఎన్ని శాల్తీలో అంకె వేయించండి. రసీదు ఫోటో ఇంకొకరి ఫోనుకి పంపండి. క్లోక్ రూమ్ రసీదు పోతే స్టాంపు కాగితం మీద హామీపత్రం రాసివ్వాల్సి వస్తుంది, విమానం వేళకి ఆ పని ఎవరి వల్లా కాదు. డ్యూటీ ఎన్నింటికి మారుతుందో అడిగి, తర్వాత వచ్చే మనిషికి చెప్పమనండి. రసీదు ఇవ్వనంటే అక్కడ పెట్టకండి, ఎంత తెలిసినవాళ్ళు పంపినా సరే.

చేతులు ఖాళీ అయ్యాక

మూడు గంటలే ఉంటే పోర్టు పక్కనున్న పాత ఊరు, వన్ టౌన్, దాటకండి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి అక్కడే. తల్లికి పైకప్పు ఉండదు, భక్తులే స్వయంగా అమ్మవారికి పూజ చేసుకోవచ్చు. గురువారం అయితే రద్దీ ఎక్కువ. ఐదారు గంటలుంటే బీచ్ రోడ్డుకి వెళ్ళి కురుసుర జలాంతర్గామి చూడండి. 2001లో నౌకాదళం సేవ నుంచి తప్పించాక ఒడ్డుకి తెచ్చి మ్యూజియం చేశారు. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, భుజాన పెద్ద సంచి ఉంటే కదల్లేరు. సోమవారం మూసి ఉంటుంది. సింహాచలం వెళ్ళాలనుకునేవాళ్ళు డేగా విమానం అయితేనే పెట్టుకోండి. సామాను ఎన్ఏడీ వైపు ఉంటే అప్పన్నని చూసి అటునుంచి అటే విమానాశ్రయానికి పోవచ్చు. రుషికొండ, భీమిలి మాత్రం భోగాపురం దారివాళ్ళకి సులువు.

తిరిగి తీసుకుని బయల్దేరడం

విమానానికి మూడున్నర గంటల ముందు సామాను చేతికి రావాలి. భోగాపురం అయితే ఇంకో గంట కలపండి. తీసుకోగానే అక్కడే లెక్కపెట్టి, తాళాలూ జిప్పులూ చూసుకోండి. బయటికి వచ్చాక చెబితే ఎవరూ వినరు.

పెట్టెలు మూసే ముందు అండమాన్ నుంచి తెచ్చినవి ఇంకోసారి చూడండి. పగడపు దిబ్బల ముక్కలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, ఒడ్డున దొరికాయని పిల్లలు జేబులో వేసుకున్నా తప్పే. ఊరగాయ, నెయ్యి చేతి సంచిలో పెట్టొద్దు, గట్టిగా మూత బిగించి పెద్ద బ్యాగులో పెట్టండి. ఎండు కొబ్బరి మాత్రం పెద్ద బ్యాగులో కూడా కుదరదు. దానిలో నూనె ఎక్కువ, త్వరగా అంటుకుంటుందని 2022 నుంచి చెక్-ఇన్ సామానులో నిషేధించారు. మా పిన్నికి ఈ సంగతి తెలియదు. సొంత చెట్ల కాయలు ఎండబెట్టి, హైదరాబాద్‌లో ఉన్న కూతురికని నాలుగు కిలోలు తెచ్చింది. స్కానింగులో కనబడగానే పిలిచి తీయించారు.

అందుకే సాగనంపడానికి వచ్చినవాళ్ళని, పెద్ద బ్యాగులు లోపలికి వెళ్ళిపోయాయని ఫోన్ వచ్చేదాకా బయటే ఉండమనండి. ఆ రోజు నేను ఇంకా వెళ్ళిపోలేదు. గేటు దగ్గరున్న జవాను ఒప్పుకోబట్టి బాబాయి కొబ్బరి సంచి తెచ్చి నా చేతిలో పెట్టారు. మర్నాడు కాంప్లెక్సుకి వెళ్ళి కార్గోలో అడిగి, చెల్లెలికి పంపించాను.