అనుదిన జీవితంలో దేవుని శక్తి – 4వ పాఠం: ప్రశ్నకూ జవాబుకూ మధ్య

గత పాఠంలోని అభ్యాసాన్ని మీరు వారం రోజులు చేసి ఉంటే, అంటే ఉదయం పనులలో పడకముందే పది నిమిషాలు మౌనంగా కూర్చుని "యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు" అన్న యెషయా 40:31ను ధ్యానించి ఉంటే, మీ నోటుపుస్తకంలో ఒకదానికొకటి పొసగని రెండు మాటలు బహుశా కనిపిస్తాయి. ఉదయం మనసు నిబ్బరంగా ఉందని ఒకచోట, మధ్యాహ్నానికి ఆ నిబ్బరం ఏమైపోయిందో తెలియలేదని మరొకచోట వ్రాసుకుని ఉంటారు. దాన్ని చూసి మీ ప్రార్థనలో లోపం ఉందని అనుకోకండి. ఉదయం పొందినదాన్ని రాత్రివరకు దాచుకుని కొంచెం కొంచెంగా వాడుకోవాలని మనం అనుకుంటాం. దేవుడు తన బలాన్ని ఆ విధంగా ఇవ్వలేదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు, దేవుడు కురిపించిన మన్నా అనే ఆహారాన్ని మరునాటికి మిగుల్చుకున్నప్పుడు అది పురుగుపట్టి కంపుకొట్టిందని నిర్గమకాండము 16:20 చెబుతుంది. ఏనాటిది ఆనాడే, ఆకలి వేసినప్పుడే. ఉదయ ప్రార్థన మనలను దాతకు దగ్గర చేస్తుంది. అక్కర పుట్టిన ఘడియలో మళ్లీ చెయ్యి చాపే పని మాత్రం మిగిలే ఉంటుంది. ఆ చెయ్యి చాపడమే ఈ పాఠంలో మనం నేర్చుకునే నైపుణ్యం.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 4:16లో "సమయోచితమైన సహాయము" అనే మాట ఉంది. ఈ పాఠానికంతటికీ అదే మూలం. సహాయం సమయానికి తగినట్లుగా వస్తుందని వాక్యం చెబుతున్నప్పుడు, ఆ సమయంలోనే కృపాసనం దగ్గరకు, అంటే దేవుని సన్నిధికి, వెళ్లాలన్నది కూడా అందులోనే ఉంది. రాత్రి పడుకునేముందు ఆ రోజు తప్పులన్నిటికీ క్షమాపణ వేడుకోవడం మంచిదే, కాని నోరు జారకముందు వేడుకోవలసిన సహాయాన్ని నోరు జారిన తరువాత వేడుకోవడం మనలో చాలామందికి అలవాటైపోయింది. నేనూ చాలా ఏళ్లు అలాగే గడిపాను.

ఈ నైపుణ్యాన్ని ఎవరి దగ్గర నేర్చుకోవాలని అడిగితే నేను నెహెమ్యా పేరే చెబుతాను. అతడు యాజకుడు కాడు, ప్రవక్త కాడు. షూషను కోటలో పారసీక రాజైన అర్తహషస్తకు గిన్నె అందించే ఉద్యోగి. యెరూషలేము ప్రాకారం పడిపోయి ఉందన్న వార్త అతనికి కిస్లేవు మాసంలో చేరింది. అతడు ఏడ్చి, ఉపవాసముండి, ప్రార్థించాడు. ఆ ప్రార్థన మొదటి అధ్యాయంలో ఏడు వచనాల మేర ఉంది. రాజు అతని ముఖంలోని విచారాన్ని గమనించి అడిగినది నీసాను మాసంలో, అంటే దాదాపు నాలుగు నెలల తరువాత. రాజు ఎదుట విచారంగా కనిపించడం ఆ రోజుల్లో ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే కావచ్చు; అందుకే తాను మిగుల భయపడ్డానని నెహెమ్యా దాచకుండా వ్రాశాడు. నీకేమి కావాలని రాజు అడిగాడు. రాజు అడిగిన ఆ ప్రశ్నకూ నెహెమ్యా ఇచ్చిన జవాబుకూ మధ్య, 2:4లో, ఒక చిన్న వాక్యం ఉంది: ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశాడట.

ఆ ప్రార్థనలోని మాటలు వ్రాయబడలేదు. అతడు కళ్లు మూసుకుని ఉండడు, మోకరించి ఉండడు. రాజు ఎదురుగా, రాణి ఆయన ప్రక్కన కూర్చుని ఉండగా అందుకు వీలెక్కడిది? ఒక ఊపిరి తీసుకునేంత సేపు మాత్రమే పట్టి ఉండాలి. ఆ ఊపిరి వెనుక నాలుగు నెలల ప్రార్థన ఉందన్నది మరువకూడదు; గత మూడు పాఠాలను దాటవేసి ఈ పాఠాన్ని మాత్రమే పట్టుకోవాలనుకునేవారికి ఈ ఒక్క మాట చెప్పి ముందుకు సాగుతాను. దీర్ఘ ప్రార్థన లేనివారికి ఆ క్షణంలో దేవుడు జ్ఞాపకం రావడమే కష్టం.

ప్రార్థన తరువాత నెహెమ్యా ఏమి చేశాడో కూడా చూడండి. తిరిగి వచ్చే గడువు చెప్పాడు, నది అవతలి అధికారులకు తాకీదులు అడిగాడు, రాజుగారి అడవిని కాసే ఆసాపు పేరు చెప్పి మ్రానులకోసం ఉత్తరం అడిగాడు. ఇవన్నీ ముందే ఆలోచించి పెట్టుకున్న సంగతులు. దేవుని శక్తిమీద ఆనుకోవడమంటే సిద్ధపాటు లేకుండా వెళ్లడమని కొందరు బోధిస్తారు. ఈ అధ్యాయం ఆ బోధను సమర్థించదు. అయితే రాజు ఒప్పుకున్నప్పుడు మాత్రం నెహెమ్యా తన తెలివిని మెచ్చుకోలేదు. దేవుని కరుణాహస్తం తనకు తోడుగా ఉండడమే కారణమని వ్రాసుకున్నాడు.

ఇప్పుడు అభ్యాసానికి వద్దాం. ఇందులో మొదటిదీ, అన్నిటికంటె కష్టమైనదీ ఆగడం. కోపం, భయం, ప్రలోభం మూడింటికీ ఒకే బలముంది: అవి మనలను తొందరపెడతాయి. వెంటనే జవాబు చెప్పాలి, వెంటనే ఉత్తరం పంపాలి, వెంటనే నిర్ణయించుకోవాలి అనిపిస్తుంది. ఆ తొందర కలిగిన వెంటనే దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం పని పూర్తయినట్లే. ఒక్కొక్కరి శరీరం దాన్ని ఒక్కొక్క విధంగా తెలియజేస్తుంది: ఒకరికి దవడలు బిగుసుకుంటాయి, ఒకరికి గుండె వేగం పెరుగుతుంది, ఒకరికి చేతులు చల్లబడతాయి, మరొకరికి ఎదుటివారు మాట్లాడుతుండగానే లోపల జవాబు తయారైపోతుంది. మీ గుర్తు ఏదో మీరే కనిపెట్టాలి. ఈ వారమంతా దానికే కేటాయించినా నష్టం లేదని నా అభిప్రాయం. నెహెమ్యా 5వ అధ్యాయంలో, బీదలు తమ పొలాలను కుదువపెట్టి పిల్లలను దాసత్వానికి అప్పగిస్తున్నారని విన్నప్పుడు అతనికి తీవ్రమైన కోపం వచ్చింది. అయినా ప్రధానులను గద్దించకముందు తనలో తాను యోచించాడని 7వ వచనం చెబుతుంది. ఆ తరువాత గద్దించాడు, గట్టిగానే గద్దించాడు. ఆగినందువల్ల అతని కోపం పిరికితనంగా మారలేదు. న్యాయం జరిగే మార్గాన్ని అది పట్టుకుంది.

రెండవది అడగడం. ఇక్కడ పొడవైన మాటలు అక్కరలేదు. నీళ్లలో మునిగిపోతున్న పేతురు "ప్రభువా, నన్ను రక్షించుము" అన్నాడు (మత్తయి 14:30). మూడే మాటలు. శత్రువులు భయపెడుతున్నప్పుడు నెహెమ్యా, ఇప్పుడు నా చేతులను బలపరచుమని వేడుకున్నాడు (6:9). "ఇప్పుడు" అన్న మాటను గమనించండి. అతడు ఆ ఘడియకు కావలసినదాన్నే అడిగాడు. మీ అక్కరను కూడా దాని పేరుతోనే అడగండి. 'ప్రభువా, నన్ను ఆశీర్వదించు' అనడంకంటె 'ప్రభువా, ఈ మాటకు మెల్లగా జవాబిచ్చే బలం ఇవ్వు' అనడం సూటిగా ఉంటుంది. అటువంటి ప్రార్థనకు జవాబు వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టడం కూడా తేలిక. అయితే ఏ మాటనూ మంత్రంగా మార్చుకోకండి. దయ్యాలను వెళ్లగొట్టడానికి యేసు నామాన్ని పనిముట్టులా వాడబోయిన స్కెవ అనే యాజకుని కుమారులు గాయాలతో పారిపోయారని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఉంది. మనం ఆశ్రయిస్తున్నది ఒక మాటను కాదు, మాట వినే ప్రభువును.

మూడవది చేయడం. చాలామంది విశ్వాసులు చిక్కుకునేది ఇక్కడే. ప్రార్థించిన తరువాత బలం వచ్చినట్లు అనిపించేవరకు ఎదురుచూస్తారు, అనిపించదు, కాబట్టి రాలేదనుకుంటారు. మార్కు 3:5లో ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గల మనుష్యునితో ప్రభువు "నీ చెయ్యి చాపుము" అన్నాడు. అతనికి చేతకాని పనే అది. చెయ్యి బాగైనట్లు అనిపించిన తరువాత చాపుతానని అతడు అనలేదు. అతడు చాపాడు, అది బాగుపడింది. అడిగిన తరువాత మీరు చేయవలసిన తరువాతి చిన్న పనిని, అది ఒక మాటైనా, ఒక అడుగైనా, బలం వచ్చిందా అని లోపల వెదకకుండా చేయండి. ఫిలిప్పీయులకు 2:12, 13 వచనాలు రెండింటినీ ఒకే ఊపిరిలో చెబుతాయి: మీ రక్షణను కొనసాగించుకొనుడి, ఎందుకంటే మీలో కార్యసిద్ధి కలుగజేయువాడు దేవుడే. పని చేసేది మనమే, లోపల పని చేసేది ఆయన. ఆ రెండింటి మధ్య గీత గీసి చూపడం నాకు ఎన్నడూ సాధ్యపడలేదు, గీయవలసిన అవసరమూ కనిపించలేదు.

ఇక దేవుని శక్తి వచ్చినప్పుడు అది ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకు పౌలు ఇచ్చిన జవాబు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. కొలొస్సయులకు 1:11లో ఆయన మహిమ శక్తినిబట్టి సంపూర్ణ బలముతో బలపరచబడాలని ప్రార్థిస్తాడు. అంతటి మాటల తరువాత ఏ అద్భుతం వస్తుందోనని చూస్తే, "ఆనందముతో కూడిన పూర్ణమైన ఓర్పును దీర్ఘశాంతమును కనుపరచునట్లు" అని ఉంటుంది. మహిమ శక్తి అంతా ఓర్పు కోసం. ఓర్పుకు అంత శక్తి ఎందుకు కావాలో, ఒక మనిషికి ఏళ్ల తరబడి సేవ చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

మా నాన్నగారు చివరి సంవత్సరాలలో జ్ఞాపకశక్తి కోల్పోయారు. రాత్రివేళ లేచి, ఎప్పుడో చనిపోయిన తన తమ్ముడు ఇంకా ఇంటికి రాలేదేమని అడిగేవారు. జవాబు చెప్పిన పది నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. ఒక రాత్రి అయిదవసారి అడిగినప్పుడు నా లోపల ఏదో తెగిపోయినట్లయింది. అప్పుడు ఆగి, మనసులోనే, 'ప్రభువా, ఈ ఒక్క జవాబుకు' అన్నాను. అంతకుమించి మాట రాలేదు. నాకు వెలుగు కనిపించలేదు, అలసట తీరలేదు. నా గొంతు మాత్రం పైకి లేవలేదు, అంతే. బాబాయి ఉదయానికి వస్తారని కాదు, ప్రభువు దగ్గర క్షేమంగా ఉన్నారని మెల్లగా చెప్పగలిగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని పడుకున్నారు. ఆ చిన్న సంగతిని దేవుని శక్తి అని పిలవడానికి నాకు ఎంతో కాలం పట్టింది. ఇప్పుడు సంకోచం లేకుండా అలాగే పిలుస్తాను. మరికొన్ని రాత్రులు నేను ఆగలేదు, అడగలేదు, ఆయనపై విసుక్కున్నాను. అవి కూడా నా పుస్తకంలో వ్రాసి ఉన్నాయి.

నెహెమ్యా సైతం అన్నివేళలా ఆగినట్లు కనబడదు. 13:25లో అతడు కొందరిని శపించి, కొట్టి, వెండ్రుకలు పెరికివేశాడని ఉంది. అక్కడ ముందుగా యోచించినట్లు గాని ప్రార్థించినట్లు గాని వ్రాయబడలేదు. అది పరిశుద్ధమైన ఆసక్తి అని చెప్పేవారున్నారు. 5వ అధ్యాయాన్ని ప్రక్కన పెట్టుకుని చదివితే నాకు అలా అనిపించదు. నన్ను జ్ఞాపకముంచుకొమ్మన్న ప్రార్థనతోనే అతని గ్రంథం ముగుస్తుంది. తప్పిపోయిన రోజున మీరూ అక్కడికే రండి. పేతురు మునగసాగిన తరువాతే కేకవేశాడు, అయినా వెంటనే చెయ్యి అందింది.

మరొక సంగతి చెప్పకుండా ఉండలేను. ఓర్పును ఇచ్చే శక్తి అని చదివి, ఇంట్లో దెబ్బలు తింటూ మౌనంగా భరించడానికే ఈ ప్రార్థన అని ఎవరైనా అర్థం చేసుకుంటే నాకు చాలా బాధ. ప్రమాదం ఉన్నప్పుడు నెహెమ్యా ప్రార్థించాడు, కావలి కూడా ఉంచాడు (4:9). అటువంటి పరిస్థితిలో ఉన్నవారు సురక్షితమైన చోటికి వెళ్లడానికీ, నమ్మదగినవారికి చెప్పడానికీ, చట్టం సహాయం తీసుకోవడానికీ బలం ఇవ్వమని అడగండి. అది కూడా సమయోచితమైన సహాయమే. అలాగే నిద్రలేమినీ ఆకలినీ ఆత్మీయ బలహీనత అని పొరబడకండి; అలసి బదరీవృక్షం క్రింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దూత మొదట భోజనం పెట్టాడు, మాటలు తరువాత.

ఈ వారం అభ్యాసం ఇది. ఉదయపు పది నిమిషాలను మానకుండా, చివరి నిమిషంలో ఆ రోజు మీకు కష్టం కలిగించగల ఒకే ఒక సందర్భాన్ని ఊహించి, అప్పుడు అడగవలసిన మాటను నాలుగైదు పదాలకు మించకుండా వ్రాసుకోండి. మొదటి మూడు రోజులు ఆగడాన్ని మాత్రమే గమనించండి: తొందర ఎప్పుడు కలిగింది, శరీరంలో ఎక్కడ తెలిసింది, ఆగగలిగారా లేదా. నాలుగవ రోజునుండి అడగడాన్నీ చేయడాన్నీ కలపండి. రాత్రి రెండు మూడు పంక్తులు వ్రాయండి. జరిగినది వ్రాయండి, జరగవలసింది వ్రాయకండి. ఒక రోజు తప్పితే మరునాడు అక్కడినుండే కొనసాగించండి, మొదటికి వెళ్లనక్కరలేదు. వారం చివరన ఏడు రోజుల వ్రాతనూ ఒకసారి చదివి, బలం అందినట్లు ఆ సమయంలో తెలియకపోయినా ఇప్పుడు తెలుస్తున్న చోట్ల ప్రక్కన చిన్న గుర్తు పెట్టండి.

అయిదవ పాఠానికి ముందుగా నిర్గమకాండము 17:8–16 చదివి రండి. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ఇరుప్రక్కల నిలిచి వాటిని ఆదుకున్నారు. చదివిన తరువాత, మీ చేతులు బరువెక్కినప్పుడు మీరు నిజంగా కబురు పంపగల ఒకరి పేరు నోటుపుస్తకంలో ఆఖరి పుటలో వ్రాసి ఉంచండి; వచ్చే పాఠం ఆ పేరుతోనే మొదలవుతుంది.