వలస పోయే ముందు ఏ కుటుంబ నియంత్రణ పద్ధతి ఎంచుకోవాలి?

నారాయణపేట దిక్కు తండాల్లో ఏఎన్ఎంగా తిరుగుతుంటాను. దసరా దాటితే బొంబాయి, పూణె సైట్లకు మూటలు కట్టే ఇళ్లే ఎక్కువ. "అక్కా, ఏ గోలీ మంచిది?" అని అడుగుతారు. నేను ముందు వేరేవి అడుగుతాను. ఇంకా పిల్లలు కావాలా? ఇద్దరూ పోతున్నారా, ఆయన ఒక్కడేనా? చంటిది పాలు తాగుతోందా?

ఆయన ఒక్కడే పోతే చాలామంది గోలీలు ఆపేసి, సంక్రాంతికి ఆయన బస్సు దిగిన రోజు మళ్లీ మింగుతారు. అట్లా పనిచేయవు. మాలా-ఎన్ గోలీ నెలసరి వచ్చిన 5 రోజుల్లోపు మొదలుపెట్టి రోజూ వేసుకోవాలి. పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు అది వద్దు. ఆయన ఎప్పుడు వస్తాడో తెలియని ఇంట్లో నిరోధ్ (కండోమ్) మేలు. సబ్ సెంటర్‌లో ఉచితం, సుఖరోగాలను కూడా ఆపుతుంది. ఒకసారి నిరోధ్ వాడటం తప్పితే 72 గంటల్లోపు వేసుకునే గోలీ ఆశా దగ్గర ఉంటుంది. దాన్ని మాత్రం అలవాటు చేసుకోకండి.

ఇద్దరూ పోతుంటే నా ఓటు గర్భసంచిలో పెట్టే కాపర్-టీకే. రకాన్ని బట్టి 5 లేదా 10 ఏళ్లు ఉంటుంది, గుర్తుపెట్టుకునే పని లేదు. కాన్పు దవాఖానలో అయితే 48 గంటల్లోపే వేయించుకోవచ్చు. ఊరు దాటేముందు ఒకసారి చూపించుకోండి.

గర్భం రాకుండా వేసే అంతరా సూది 3 నెలలకొకటి. మొదటిది డాక్టర్ చూశాకే వేస్తారు. సూది కార్డు వెంట తీసుకుపోతే అక్కడి సర్కారు దవాఖానలో తర్వాతది వేయించుకోవచ్చు. నెలసరి గతి తప్పుతుంది, కొందరికి ఆగిపోతుంది. చెడు రక్తం లోపలే నిలిచిపోతుందని అత్తలు భయపెడతారు, అదేం లేదు. కానీ చివరి సూది వేసుకున్నాక గర్భం రావడానికి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు. వచ్చే ఏడే బిడ్డ కావాలనుకుంటే ఇది వద్దు.

ఛాయా గోలీలో హార్మోన్లు ఉండవు, పాలిచ్చే తల్లీ వాడొచ్చు. నెలసరి మొదటి రోజున ఒకటి, నాలుగో రోజున ఇంకొకటి. ప్రతి వారం అవే రెండు రోజుల్లో ఒక్కోటి చొప్పున 3 నెలలు వేసుకుని, తర్వాత మొదటి గోలీ పడిన రోజు పట్టుకుని వారానికి ఒకటే. మేస్త్రీ వారం ఖర్చులకు డబ్బు (ఖర్చీ) ఇచ్చే రోజే గోలీ వేసుకునే రోజు కూడా అయితే మరిచిపోరు.

ఇక పిల్లలు చాలనుకుంటే ఆపరేషన్. ఆడవాళ్లకు కాన్పయిన 7 రోజుల్లోపు, లేదంటే 6 వారాల తర్వాత చేస్తారు. మగవాళ్లది ఇంకా చిన్నది. కత్తి కోత, కుట్లు లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. బస్తాలెత్తే బలం పోతుందన్నది ఉత్త మాట. అయితే 3 నెలలు నిరోధ్ వాడి, వీర్య పరీక్ష చేయించుకున్నాకే ధీమా. అందుకే వానాకాలం సేద్యానికి ఊరొచ్చిన వెంటనే చేయించుకోమంటాను, మళ్లీ పోయేలోపు పరీక్ష కూడా అయిపోతుంది. ఆమెకు ఆపరేషనైనా ఆయనకైనా, చేయించుకునేవాళ్ల సంతకం ఉంటే చాలు. మొగుడి సంతకం తేలేదని ఎవరైనా వెనక్కి పంపితే మీ ఏఎన్ఎంను వెంటబెట్టుకుని మళ్లీ పోండి.